ఆదివారం వస్తే మా గది 1832లోకి వెళ్తుంది

'అప్పుడు అలా కాకుండా ఇలా జరిగి ఉంటే?' రచ్చబండ మీద కూర్చున్నా, టీ కొట్టు దగ్గర నిలబడ్డా, క్రికెట్ మ్యాచ్ ఓడిపోయిన రాత్రి పడుకోబోయినా... ఈ ప్రశ్న వేసుకోని తెలుగువాడు ఉండడు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని పాతికేళ్లుగా ఒకే కథను అల్లుకుంటూ పోతున్న వాళ్లు అమెరికాలో ఉన్నారు. మొదలుపెట్టింది ఒక రచయిత. ముందుకు నడిపించింది మాత్రం చదివినవాళ్లే. వాళ్లను చూసి, పిట్స్‌బర్గ్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న మేమూ ఒక కథ మొదలుపెట్టాం. మాది గుంటూరు సీమ కథ. ఆ సంగతులే ఇవి.

గదిలో ఆరుగురం

మేం మొత్తం ఆరుగురం. ఇద్దరం కన్‌స్ట్రక్షన్ సైట్‌లో సూపర్‌వైజర్లం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో కొన్నాళ్లు ఎండలో మాడి ఇటు వచ్చాం. ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు వెల్డర్, ఒకరు ఇండియన్ రెస్టారెంట్‌లో వంటమనిషి, ఇంకొకరు గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ. జిల్లాలు చూస్తే శ్రీకాకుళం నుంచి కరీంనగర్ దాకా, మధ్యలో గుంటూరు, కడప.

చలికాలంలో సాయంత్రం అయిదింటికే చీకటి పడిపోతుంది. పని నుంచి వచ్చి బూట్లు విప్పి, హీటర్ దగ్గర కూర్చుంటే మాట్లాడుకోవడానికి ఏముంటుంది? వీసా కాయితాలు, డాలర్ రేటు, ఊళ్లో అప్పు. ఆ మూడూ అయిపోతే మౌనం. లేదంటే రాజకీయం. రాజకీయం మొదలైతే అన్నం గిన్నె మీద అలిగి పడుకున్న రోజులూ ఉన్నాయి.

అలాంటి రోజుల్లో మాలో ఒకరు పాత పుస్తకాల షాపు నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చారు. పేరు '1632'. రాసినవారు ఎరిక్ ఫ్లింట్. 2000 సంవత్సరంలో వచ్చింది. మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో నాలుగు పేజీలు చదవడం, రాత్రి వచ్చి తెలుగులో చెప్పడం. చదివేది ఒక్కరు, వినేది అయిదుగురు. హరికథ విన్నట్టే విన్నాం!

ఒక ఊరు ఊరంతా లేచిపోయింది

కథ ఏమిటంటే... అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో గ్రాంట్‌విల్ అని ఒక చిన్న బొగ్గు గనుల ఊరు. జనం మూడు వేల పైచిలుకు. ఒక పెళ్లి విందు జరుగుతుండగా పెద్ద వెలుగు వస్తుంది. కళ్లు తెరిచేసరికి ఆ ఊరు, దాని చుట్టూ కొన్ని మైళ్ల నేలతో సహా, జర్మనీ నడిబొడ్డున ఉంటుంది. అదీ 2000లో కాదు, 1631లో!

ఆ సంవత్సరం జర్మనీ అంటే మాటలా? 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధం మధ్యలో ఉంది. మాగ్డెబర్గ్ అనే పట్నాన్ని సైన్యాలు తగలబెట్టి, దాదాపు 20 వేల మందిని చంపింది ఆ 1631 మే నెలలోనే. అలాంటి చోట దిగింది ఈ ఊరు. చేతిలో ఉన్నది తమ బొగ్గు గని, మెషీన్ షాపులు, హైస్కూల్ లైబ్రరీ, కొన్ని వేట తుపాకులు. అంతే.

ఇందులో నాయకుడు రాజూ కాదు, సైంటిస్టూ కాదు. గని కార్మికుల యూనియన్ నాయకుడు. అక్కడే మాకు పుస్తకం పట్టుకుంది. ఎరిక్ ఫ్లింట్ చరిత్రలో పై చదువు చదివినా, ఏళ్ల తరబడి ఓడరేవు కూలీగా, ట్రక్కు డ్రైవర్‌గా, మెషినిస్టుగా పనిచేసి, కార్మిక సంఘాల్లో తిరిగిన మనిషి. మొదటి నవల అచ్చయ్యేసరికి ఆయనకు యాభై ఏళ్లు. చేతులతో పని చేసేవాడికి బుర్ర ఉంటుందని ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేకుండా రాశారు.

నవల మొదట్లోనే ఊళ్లో ఒక సభ జరుగుతుంది. యుద్ధం నుంచి పారిపోయి వస్తున్న జనం ఊరి పొలిమేర దగ్గర చేరుతుంటారు. డబ్బూ హోదా ఉన్న ఒక పెద్దమనిషి లేచి, సరిహద్దు మూసేద్దాం, ఉన్నది మనకే చాలదు అంటాడు. యూనియన్ నాయకుడు లేచి, వాళ్లను కలుపుకుంటేనే మనం బతుకుతాం అంటాడు. ఓటు ఆయన వైపే పడుతుంది. ఆ సభ కథ మాతో రెండుసార్లు చెప్పించుకున్నాం.

నిజం ఊరు చూసొచ్చాం

గ్రాంట్‌విల్ కల్పితం. కానీ దానికి నమూనా ఉంది. వెస్ట్ వర్జీనియాలో మేరియన్ కౌంటీలోని మానింగ్టన్ అనే ఊరు. ఫ్లింట్ ఆ ఊరిని అడుగడుగునా చూసి రాశారు. మాకు అది దగ్గరే. ఒక లాంగ్ వీకెండ్‌లో పులిహోర కట్టుకుని, ఐ-79 రోడ్డు మీద దక్షిణంగా ఫెయిర్‌మాంట్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి పడమరగా కొండల మధ్య రోడ్డు పట్టుకున్నాం.

మానింగ్టన్ ఇప్పుడు రెండు వేల జనం ఉన్న ఊరు. పక్కనే బఫెలో క్రీక్ అనే వాగు. ఇటుక గోడల పాత బజారు, 1912లో కట్టిన గుండ్రటి పశువుల కొట్టం... ఇప్పుడది మ్యూజియం. చూస్తుంటే ఏ సింగరేణి ఊరో, బొగ్గు అయిపోయాక మిగిలిపోయినట్టు ఉంది. కరీంనగర్ అన్న కారు దిగి చుట్టూ చూసి, "అచ్చం మా గోదావరిఖని దిక్కు లెక్కనే ఉన్నదిరా" అన్నాడు.

దారిలో ఫార్మింగ్టన్ వస్తుంది. 1968 నవంబర్ 20న అక్కడి గనిలో పేలుడు జరిగి 78 మంది కార్మికులు చనిపోయారు. 19 మంది శవాలు నేటికీ పైకి రాలేదు. ఆ ప్రమాదం తర్వాతే, 1969లో అమెరికాలో గనుల భద్రత మీద గట్టి చట్టం వచ్చింది. అదే కౌంటీలో మొనొంగా అని ఇంకో ఊరు. 1907 డిసెంబర్‌లో అక్కడ పోయినవారు లెక్క ప్రకారమే 362 మంది. అందులో చాలామంది ఇటలీ, పోలండ్ లాంటి దేశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. స్మారకం దగ్గర టోపీలు తీసి నిలబడ్డాం. మేం రోజూ హార్డ్ హ్యాట్ పెట్టుకుని, సేఫ్టీ మీటింగ్‌లో సంతకం పెట్టి పనిలో దిగుతాం. ఆ సంతకం వెనుక ఎంతమంది ఉన్నారో ఆ రోజు తెలిసింది.

చదివినవాళ్లే రాశారు

ఇక అసలు విషయం. '1632' అచ్చయ్యాక పాఠకులు ఫ్లింట్‌ను వదల్లేదు. 'ఆ ఊళ్లో డెంటిస్టు ఉన్నాడా? రబ్బరు ఎక్కణ్నుంచి వస్తుంది? రేడియో చేయగలరా?' అని ప్రశ్నల మీద ప్రశ్నలు. ఆయన విసుక్కోలేదు. మీకు తెలిస్తే మీరే చెప్పండి, రాయగలిగితే మీరే రాయండి అని తలుపు తీశారు.

అలా పాఠకుల కథలతో, సాంకేతిక వ్యాసాలతో 2003లో 'గ్రాంట్‌విల్ గెజెట్' అనే పత్రిక మొదలైంది. వందకు పైగా సంచికలు వచ్చాయి. అందులో ఒప్పుకున్న కథ ఏదైనా అసలు కథలో భాగమే. ఒకరు రాసింది ఇంకొకరు కాదనడానికి లేదు. రాసినవాళ్లలో చరిత్రకారులూ ఉన్నారు, లాయర్లూ ఉన్నారు, అంతకు ముందు ఒక్క కథ కూడా రాయనివాళ్లూ ఉన్నారు. వర్జీనియా డిమార్స్ అనే చరిత్ర పరిశోధకురాలు ఫ్లింట్‌తో కలిసి నవలలే రాశారు.

వాళ్ల చర్చకు ఒక కట్టుబాటు ఉంది. మానింగ్టన్‌లో లేనిది గ్రాంట్‌విల్‌లో ఉండకూడదు. కరెంటు ప్లాంటు లాంటి ఒకటీ అరా మినహాయింపు తప్ప, కథకు కావాలి కదా అని కొత్త ఫ్యాక్టరీ పుట్టించడానికి వీల్లేదు. ఆ ఊరి షాపులో దొరికేదే, ఆ ఊరి మనిషికి వచ్చిన పనే. రెండోది, 'గేర్ దించుకోవడం'. అంటే 2000 నాటి యంత్రం పాడైతే స్పేర్ పార్ట్ రాదు కాబట్టి, అది ఉండగానే వంద, నూటయాభై ఏళ్ల కిందటి పద్ధతికి దిగి నిలదొక్కుకోవాలి. ఆవిరి ఇంజన్ చేసుకోవాలి, టైప్ పేర్చుకుని అచ్చు వేసుకోవాలి. బండి ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ దించమా? అదే.

ఫ్లింట్ 2022 జూలైలో కన్నుమూశారు. ఆ సంవత్సరమే గెజెట్ కూడా ఆగింది. అయిపోయిందనుకున్నారు చాలామంది. కానీ 2023లో అదే లోకం కథలతో '1632 అండ్ బియాండ్' అని మరో పత్రిక మొదలైంది. మొదలుపెట్టినవాడు పోయినా కథ పోలేదన్నమాట.

మనకు కొత్తేం కాదు

ఇంగ్లీషులో ఈ రకం రచనలకు పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచి ఉంటే అని ఫిలిప్ కె. డిక్ 1962లో నవల రాశారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యానికి ఏకే-47లు దొరికి ఉంటే అని హ్యారీ టర్టిల్‌డవ్ 1992లో రాశారు. ఇలాంటి పుస్తకాలకు 1995 నుంచి 'సైడ్‌వైజ్' అని ప్రత్యేకంగా అవార్డు కూడా ఉంది.

మరి మనకు లేవా? ఎందుకు లేవండీ! కృష్ణుడూ అర్జునుడూ ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగితే? చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' నాటకం అదే. 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' అని సినిమా కూడా వచ్చింది. 1957 నాటి 'మాయాబజార్' శశిరేఖ వ్యాసుడి భారతంలో ఎక్కడుంది? మన తాతలు కల్పించుకున్నదే. అల్లూరి సీతారామరాజును 1924లో కాల్చి చంపారు. కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర అమరుడయ్యాడు. ఇద్దరూ కలిసిన దాఖలా లేదు. కలిసి ఉంటే? 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది, మర్నాడు జాబ్ సైట్‌లో మెక్సికన్ మేస్త్రీలు కూడా మమ్మల్ని ఆ సినిమా గురించి అడిగారు.

అయితే ఒక తేడా ఉంది. మన కథల్లో ఎవరో పెద్దవాళ్లు కల్పిస్తారు, మనం చూస్తాం. ఆ గ్రాంట్‌విల్ వాళ్లు కలిసి కూర్చుని, లెక్క కట్టి, వాదించుకుని కల్పిస్తారు. మనం ఎందుకు చేయకూడదు అనిపించింది. మానింగ్టన్ నుంచి తిరిగొస్తూ కారులోనే మా కథకు కొబ్బరికాయ కొట్టాం.

కాలవ తెగిపోయిన ఊరు

ఏ కాలానికి వెళ్లాలి? 1565 తళ్లికోట అన్నారు ఒకరు. 1687 గోల్కొండ అన్నారు ఇంకొకరు. రాజుల యుద్ధాలు మనకెందుకు, జనం కథ కావాలన్నాడు ఎలక్ట్రీషియన్ తమ్ముడు. అప్పుడు గుంటూరు బావ, వాళ్ల తాత చెప్పిన మాట గుర్తు చేశాడు... డొక్కల కరువు. నందన నామ సంవత్సరం, అంటే 1832-33. కంపెనీ దొరల పాలన. వానలు పడలేదు. ఒక్క గుంటూరు జిల్లాలోనే మూడో వంతు జనం పోయారని చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. బతకడానికి మద్రాసు దారి పట్టి నడిచినవాళ్లు నడిచినట్టే రాలిపోయారు. మారిషస్ చెరకు తోటలకు మన తెలుగు కూలీలు ఓడలెక్కింది కూడా ఆ దశాబ్దంలోనే. వలస వచ్చిన మాకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది?

అంతే, ఖాయం చేసుకున్నాం. గుంటూరు జిల్లాలో, కృష్ణ కాలవ కింద ఉన్న ఒక మామూలు ఊరు. 2000 సంవత్సరంలో ఉన్నది ఉన్నట్టు, చుట్టూ రెండు మైళ్ల నేలతో సహా, 1832 జ్యేష్ఠ మాసంలో దిగింది. ఊరికి పేరు పెట్టలేదు. ఎవరి ఊరు వాళ్లు అనుకోవచ్చు.

మొదటి వారమే చిక్కు వచ్చింది. ఊళ్లో కాలవ ఉంది, కాలవకు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టింది 1852-55 మధ్య. 1832లో అది లేదు. అంటే రెండు మైళ్ల అవతల కాలవ కత్తితో కోసినట్టు తెగిపోయి, అటు పక్క బీడు నేల. ఉన్న నీళ్లు నాలుగు రోజుల్లో ఇంకిపోతాయి. 'ఓరి నాయనో, మొదటి అధ్యాయంలోనే పొలం పోయింది' అని నవ్వుకున్నాం.

తర్వాత జాబితాలు రాశాం. రైస్ మిల్లులు రెండు. గోడౌన్‌లో ధాన్యం ఆరు వేల బస్తాలు. ట్రాక్టర్లు 14, ఆయిల్ ఇంజన్లు తొమ్మిది. పెట్రోల్ బంకు ట్యాంకులో ఉన్నంతే డీజిల్. సిమెంటు కొట్లో 400 బస్తాలు. ఒక ఆర్ఎంపీ డాక్టరు, ఒక పశువుల ఆసుపత్రి కాంపౌండరు, హైస్కూలు సైన్సు మాస్టారు. ఆ రోజుల్లో దారులు, సత్రాలు, ధరలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' పట్టాం. ఆయన 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831లో తిరిగొచ్చారు. మా కథకు సరిగ్గా ముందు సంవత్సరమే!

వంట అన్న, బీపీటీ విత్తనాలు చల్లేద్దాం అన్నాడు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన 5204 రకం, మన సాంబ మసూరి. గుంటూరు బావ ఒప్పుకోలేదు. "అది అయిదు నెలల పంట. నీళ్లు లేవు, యూరియా లేదు. ఏం తిని పండుద్ది?" అన్నాడు. జొన్న, సజ్జ చల్లాలన్నాడు. కానీ ఆ గింజలు ఊళ్లో ఎవరింట్లో ఉన్నాయి? వరి ఊళ్లో జొన్న విత్తనం వెతకడానికే ఒక ఆదివారం పట్టింది.

కాలనీ జాబితా ఎలక్ట్రీషియన్ తమ్ముడే రాశాడు. వాళ్ల వాడ అలాంటిదే. అరవై దాటిన ముసలాళ్ల పేర్లు పెట్టి, ఎవరికి ఏ పని వచ్చో రాశాడు. బావి తవ్వడం, ఊట ఎక్కడ పడుతుందో చెప్పడం, తోలుతో మోట బొక్కెన కుట్టడం, సున్నం బట్టీ కాల్చడం. ఆ జాబితా చదివాక కథ నడకే మారింది. డీజిల్ అయిపోయిన రోజు ఆయిల్ ఇంజన్ ఇనుప ముక్క. అప్పుడు నీళ్లు తోడేది మోటే. గేర్ దించుకోవాలంటే దారి తెలిసినవాళ్లు మిల్లు ఓనర్లు కాదు, ఆ ముసలాళ్లు. ఊరి పంచాయతీలో ముందు వరసలో కూర్చోవాల్సింది వాళ్లేనని తమ్ముడు అన్నాడు. అలాగే రాశాం.

మూడు ఆదివారాలు ఆగిన కథ

భాద్రపదం నాటికి ఊరి చుట్టూ జనం చేరారు. ఎముకల గూళ్లలాంటి మనుషులు. ఎంతమంది? ఊరి జనం నాలుగు వేలు, బయట ఇంకో నాలుగు వేలు అనుకున్నాం. లోపలికి రానివ్వాలా, వద్దా?

మేం లెక్క కట్టాం. ఆరు వేల బస్తాలు, బస్తా 75 కిలోలు. నాలుగున్నర లక్షల కిలోల ధాన్యం. ఆడిస్తే బియ్యం మూడు లక్షల కిలోలు. మనిషికి రోజుకు అర కిలో చొప్పున నాలుగు వేల మందికి రోజుకు రెండు వేల కిలోలు. అంటే 150 రోజులు. బయటివాళ్లను కూడా కలిపితే 75 రోజులే. జొన్న కోతకు రావడానికి అది చాలదు.

గది రెండుగా చీలిపోయింది. కడప అన్న, "తలుపు తీస్తే అందరం పోతామప్పా, తీయకుంటే సగం మందన్నా మిగుల్తారు" అన్నాడు. కరీంనగర్ అన్న లేచి, "ఊరిని బచాయించుకోవాల్నా, మందిని బచాయించుకోవాల్నా? మనం ఈడికి ఎట్లొచ్చినం? ఎవలో తలుపు తీస్తేనే గదా!" అన్నాడు. కడప అన్న ఊరుకోలేదు. తలుపు బయట నిలబడ్డవాడు అలాగే అంటాడు, లోపల పిల్లలున్నవాడిని అడగమన్నాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. కథలోని ఊళ్లో తన భార్యాపిల్లల్ని కూడా పెట్టుకున్నాడు మరి.

నిజం చెప్పాలంటే అది 1832 గొడవ కాదు. మాలో కొందరికి గ్రీన్ కార్డు ఉంది, కొందరు ఏళ్లుగా వరసలో ఉన్నారు. తలుపు ఎవరు తీయాలి, ఎవరికి తీయాలి అన్నది మా రోజువారీ భయం. దాన్ని నేరుగా మాట్లాడుకుంటే దెబ్బలాట అయ్యేది. ఊరి కథ పేరుతో మాట్లాడుకున్నాం కాబట్టి మూడు ఆదివారాలు వాదించుకున్నా, నాలుగో ఆదివారం కలిసే అన్నం తిన్నాం.

చివరికి తేల్చింది గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే శ్రీకాకుళం తమ్ముడు. రాత్రి డ్యూటీలో రసీదు కాయితం వెనక లెక్క వేసుకొచ్చాడు. "మనిసికి అర కిలో ఎందుకు బావా? పావు కిలో గెంజి కాసి ఎనిమిది వేల మందికీ పోస్తే మళ్లీ అవే రెండు వేల కిలోలు. అవే 150 రోజులు" అన్నాడు. అందరూ సగం కడుపుతో ఉంటే అందరూ అయిదు నెలలు ఉంటారు. వచ్చిన చేతులు బావులు తవ్వుతాయి, చెరువు పూడిక తీస్తాయి.

కడప అన్న చాలాసేపు ఆ కాయితం చూశాడు. "రాయండి. కానీ దీనికి కర్చు కూడా రాయాల. ఊరికే మంచి జరిగినట్టు రాస్తే నేనొప్పుకోను" అన్నాడు. ఆ షరతుకు అందరం సరేనన్నాం.

ఖర్చు రాసిన రాత్రి

ఖర్చు వచ్చింది. జనంతో పాటు కలరా లోపలికి వచ్చింది. ఆర్ఎంపీ దగ్గర సెలైన్ సీసాలు రెండు రోజుల్లో అయిపోయాయి. తర్వాత కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. హైస్కూలు పిల్లలు ఇంటింటికీ తిరిగి తాగించారు. చాలామంది బతికారు. అందరూ కాదు.

ఆ అధ్యాయం నేను రాస్తానని కరీంనగర్ అన్న తీసుకున్నాడు. ఆయన ఎప్పుడూ రాసేవాడు కాదు, నోటితో చెప్పేవాడు. ఆ వారం మాత్రం నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకొచ్చాడు. తలుపు తీయాలని వాదించిన మనిషి తండ్రికి కలరా వస్తుంది. కొడుకు మూడు రోజులు పక్కనే కూర్చుని చెంచాతో నీళ్లు పోస్తాడు. కాళ్లు ఒత్తుతాడు. మూడో రోజు తెల్లవారుజామున తండ్రి కొడుకు చెయ్యి పట్టుకునే పోతాడు. పాడె కొడుకే మోస్తాడు.

చదవడం అయ్యాక గదిలో ఎవరం మాట్లాడలేదు. అన్న వాళ్ల నాన్న రెండేళ్ల కిందట ఊళ్లో చనిపోయారు. కాయితాలు పెండింగ్‌లో ఉండటం వల్ల వెళ్తే మళ్లీ రావడానికి లేదు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, ఈ గదిలోనే, ఈ హీటర్ పక్కనే నిలబడి చూశాడు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తింది లేదు, మేం అడిగిందీ లేదు.

కడప అన్న లేచి టీ పెట్టాడు. ఒక కప్పు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టి, "బాగా రాసినావన్నా" అన్నాడు. అంతే.

కాలక్షేపానికి మొదలుపెట్టింది ఇక్కడి దాకా వస్తుందని ఎవరం అనుకోలేదు. 'విమానం ఎక్కకుండా ఉంటే', 'ఆ రోజు వెళ్లి ఉంటే' అని మనలో ప్రతివాడికీ లోపల ఒక కథ నడుస్తూనే ఉంటుంది. ఒంటరిగా తలుచుకుంటే అది నిద్ర పోనివ్వదు. నలుగురిలో, ఒక లెక్కతో, ఒక కట్టుబాటుతో చెప్పుకుంటే దాన్ని మోయడానికి ఇంకో అయిదు భుజాలు దొరుకుతాయి.

మీరూ మొదలుపెట్టండి

ఇందుకు పెద్ద చదువులు అక్కర్లేదు. దుబాయ్ క్యాంపులో ఉన్నా, సింగపూర్ డార్మిటరీలో ఉన్నా, డల్లాస్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నా నలుగురు మనుషులు, ఒక నోట్‌బుక్ చాలు. మేం పాటిస్తున్న పద్ధతులు ఇవి:

ఒకటి, మార్పు ఒక్కటే ఉండాలి. ఊరు కదిలింది, అంతే. ఆ తర్వాత జరిగేదంతా దాన్నుంచే రావాలి.

రెండు, జాబితాలో లేనిది కథలో పుట్టకూడదు. డీజిల్ అయిపోతే అయిపోయినట్టే.

మూడు, తన జిల్లా గురించి, తన పని గురించి తెలిసినవాడి మాటే చెల్లుతుంది. వెల్డింగ్ మీద వెల్డరు మాట, గింజ మీద రైతుబిడ్డ మాట.

నాలుగు, ఎవరు ఏ మార్పు కోరినా దాని ఖర్చు కూడా వాళ్లే చెప్పాలి.

అయిదు, ఆదివారం గొడవ ఆదివారంతో సరి. సోమవారం పొద్దున బాక్సులో కూర అందరికీ ఒకటే.

ఇక మా కథ ఎందాకా వచ్చిందంటారా? నందన సంవత్సరం గడిచింది. జొన్న ఇంటికొచ్చింది. ఎనిమిది వేల మందిలో ఏడు వేల పైన మిగిలారు. ఇప్పుడు కొత్త పేచీ పడింది. కృష్ణ మీద ఆనకట్ట ఇరవై ఏళ్లు ముందే కట్టగలమా? 400 బస్తాల సిమెంటు ఒక మూలకు కూడా రాదు. అది దాచిపెట్టి గానుగ సున్నంతో, రాతితో కట్టాలి. మేం ఇద్దరం డిప్లొమా వాళ్లం కొలతలు వేస్తున్నాం. కానీ కంపెనీ సర్కారు ఒప్పుకోవాలి కదా? 1832లో ఆర్థర్ కాటన్ వయసు 29. మద్రాసు సైన్యంలో ఇంజినీరు. ధవళేశ్వరం పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేయబోయే మనిషి, ఇంకా గోదావరి మీద చెయ్యి వేయలేదు. ఆ పనిలో కూలీలను కూడగట్టి కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న గారి లాంటి మనిషి మా ఊళ్లో ఎవరున్నారు?

కాటన్ దగ్గరికి ఎవరిని పంపాలి, పాలిటెక్నిక్ చదివిన కుర్రాడినా, ఊట చెప్పే ముసలాయననా? వచ్చే ఆదివారం తేలాలి. కడప అన్న అయితే ఇద్దర్నీ పంపాలంటున్నాడు. దారి ఖర్చు లెక్క కూడా ఆయనే రాసి పెట్టాడు.